స్పీకర్లలో హోరు: తెంచవలసిన తీగ ఏది?

ఒక సోదరి రాసిన ఉత్తరం ఈ నెల మన చర్చకు ఆధారం. ఆమె ఇంట్లో టీవీకి తోడుగా కొత్తగా ఒక ఆంప్లిఫయర్, దానికి స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్ అమర్చుకున్నారు. బిగించిన రోజు నుంచే స్పీకర్లలో సన్నగా, ఎడతెగకుండా ‘గుయ్’మనే హోరు వినిపిస్తున్నది. మాటలు సాగుతున్నప్పుడు అది అంతగా తెలియదు. ప్రసంగీకుడు ఒక వాక్యం ముగించి ఆగినప్పుడు, ఖిరాఅత్‌లో రెండు ఆయతుల నడుమ విరామం వచ్చినప్పుడు మాత్రం గదంతా అదే నిండిపోతుంది. పిలిచిన మెకానిక్ పది నిమిషాలు చూసి, ఆంప్లిఫయర్ ప్లగ్గులోని లావుపాటి పై పిన్నును ఊడదీశాడు. హోరు ఆగిపోయింది. భర్త సంతోషించారు. అత్తగారు మాత్రం, “కంపెనీవాడు ఊరికే పెట్టడు కదా, దాన్ని మళ్లీ బిగించండి” అంటున్నారు. పిన్ను బిగిస్తే హోరు తిరిగి వస్తుంది, తీస్తే పోతుంది. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అని ఆ సోదరి అడుగుతున్నారు.

సమాధానం ముందే చెప్పి, కారణాలు తరువాత వివరిస్తాను. ఆ పిన్నును ఈ రోజే బిగించండి. అది బిగించేవరకు ఆంప్లిఫయర్‌ను వాడకండి. అత్తగారి మాట నిజం. అయితే హోరు భరించలేనిదన్న భర్తగారి ఫిర్యాదు కూడా నిజమే. పిన్నును ఉంచుకొనే హోరును పోగొట్టే మార్గాలు ఉన్నాయి. అవి తెలియాలంటే ముందు ఆ హోరు ఏమిటో, ఎక్కడ పుడుతున్నదో తెలియాలి.

ఆ హోరు దేని గొంతు?

మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు 230 వోల్టులది. అది ఒకే దిశలో ప్రవహించదు. సెకనుకు 50 సార్లు ముందుకూ వెనుకకూ ఊగుతుంది. ఈ ఊగిసలాటలో ఏ కొంచెం ధ్వని సంకేతంలో కలిసినా, స్పీకరు పొర కూడా సెకనుకు 50 సార్లు ఊగుతుంది. మనకు వినిపించే మంద్రమైన హోరు అదే. కనుక అది స్పీకరు సొంత గొంతు కాదు, గోడలోని కరెంటు గొంతు.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. కొత్త సెట్టు కొనకముందు టీవీలో ఈ హోరు ఎందుకు లేదు? టీవీలోని చిన్న స్పీకర్లు అంత మంద్రస్వరాన్ని పలికించలేవు. సబ్‌వూఫర్ పుట్టిందే అటువంటి స్వరాలను పలికించడానికి. పైగా, టీవీ ఒక్కటే ఉన్నప్పుడు దానిని మరో పరికరంతో కలిపే ధ్వని తీగ లేదు. కొత్తగా వచ్చినది ఆ తీగ. కనుక కొత్త ఆంప్లిఫయర్‌ను లోపభూయిష్టమైనదని దుకాణానికి తిప్పి పంపేముందు కొంచెం ఆగి విచారించడం మంచిది.

హోరులో రెండు తరహాలు ఉన్నాయని కూడా గుర్తించాలి. సెకనుకు 50 ఊగిసలాటలతో వచ్చేది నున్నగా, లోతుగా ఉంటుంది. 100 ఊగిసలాటలతోనూ, అంతకు మించిన వాటితోనూ కలిసి వచ్చేది కాస్త గరుకుగా, తుమ్మెద రొదలా ఉంటుంది. ఆంప్లిఫయర్ లోపల కరెంటును ఏకదిశగా మార్చి చదునుచేసే భాగంలో కెపాసిటర్లు పాతబడినప్పుడు సాధారణంగా ఈ రెండో రకం పుడుతుంది. మొదటి రకం ఎక్కువగా బయటి నుంచి, తీగల కలయిక నుంచి వస్తుంది. ఇది తిరుగులేని నియమం కాదు, వెతుకులాటలో మొదటి ఆనవాలు మాత్రమే.

వలయం ఎలా ఏర్పడుతుంది?

సెట్‌టాప్ బాక్సు నుంచి ఆంప్లిఫయర్‌కు వెళ్లే ఎరుపు, తెలుపు పిన్నుల తీగను ఒకసారి తలచుకోండి. దాని లోపల నడుమ ఒక సన్నని తీగ ఉంటుంది. దాని చుట్టూ అల్లికలాంటి రాగి తొడుగు ఉంటుంది. నడిమి తీగ ధ్వని సంకేతాన్ని మోస్తుంది. తొడుగుకు మాత్రం రెండు పనులు అప్పగించారు. ఒకటి, సంకేతం తిరిగి రావడానికి దారి కావడం. రెండు, ఒక పరికరం లోహపు చట్రాన్ని మరో పరికరం లోహపు చట్రంతో కలపడం. చిక్కంతా ఈ రెండు పనులను ఒకే తీగ చేయడంలోనే ఉన్నది.

రెండు చెరువులు ఉన్నాయనుకోండి. చూడడానికి రెండింటి నీటిమట్టం ఒకటే. నిజానికి ఒకదానిలో బెత్తెడు ఎక్కువ. వాటి మధ్య కాలువ లేనంతవరకు ఆ తేడా ఎవరికీ పట్టదు. కాలువ తవ్విన క్షణం నుంచి నీరు కదులుతుంది. అలాగే, ఒక పరికరం ఒకచోట నేలతో కలిసి, మరో పరికరం ఇంకొకచోట నేలతో కలిసి ఉంటే, ఆ రెండు ‘నేల’ల మధ్య కొన్ని మిల్లీవోల్టుల తేడా ఉండనే ఉంటుంది. ధ్వని తీగ తొడుగు వాటి మధ్య కాలువ అవుతుంది. తొడుగులో 50 ఊగిసలాటల విద్యుత్తు ప్రవహించడం మొదలవుతుంది. ఆ తొడుగే సంకేతపు తిరుగుదారి కూడా కాబట్టి, ఆంప్లిఫయర్ ఈ రెండింటినీ వేరుచేసి చూడలేదు. ధ్వనిని పెంచినట్లే హోరును కూడా పెంచి స్పీకరుకు పంపుతుంది.

ఇలా నేల నుంచి బయలుదేరి, పరికరాల గుండా, తొడుగు గుండా తిరిగి నేలకే చేరే దారిని ‘గ్రౌండ్ లూప్’ అంటారు. ఈ వలయానికి మరో బలహీనత ఉన్నది. మారుతున్న అయస్కాంత క్షేత్రం ఒక వలయం గుండా పోతే ఆ వలయంలో విద్యుత్తు పుడుతుందని మైఖేల్ ఫారడే 1831లో కనుగొన్నారు. గోడల్లో కరెంటు తీగలు ఉన్న ఇంట్లో అటువంటి క్షేత్రానికి కొదువలేదు. వలయం ఎంత వెడల్పుగా పరుచుకుంటే అంత ఎక్కువ విద్యుత్తు అందులో పుడుతుంది.

తేడా కొన్ని మిల్లీవోల్టులే కదా, అంత మోత ఎలా చేస్తుందని అనిపించవచ్చు. ఇళ్లలోని పరికరాల మధ్య నడిచే ధ్వని సంకేతం సుమారు 0.3 వోల్టు, అంటే 300 మిల్లీవోల్టులు. మూడు మిల్లీవోల్టుల హోరు దానిలో నూరవ వంతు. ప్రసంగం గట్టిగా సాగుతున్నప్పుడు నూరవ వంతు మరుగునపడుతుంది. మాట ఆగి, గది నిశ్శబ్దమైనప్పుడు మన చెవి దానిని తప్పకుండా పట్టుకుంటుంది.

మన ఇళ్లలో మొదటి అనుమానితుడు

వలయానికి నేలతో రెండు చోట్ల సంబంధం ఉండాలని చెప్పుకున్నాం. ఆంప్లిఫయర్‌కు మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నది. అది మన ఇంటి ఎర్తు గుంటతో కలుస్తుంది. ఇది మొదటి చోటు. మరి రెండవది? సెట్‌టాప్ బాక్సుకు సాధారణంగా రెండు పిన్నుల అడాప్టరే ఉంటుంది. దానికి ఎర్తు లేదు. అందుకే చాలామంది మెకానిక్‌లు అక్కడ వెతకరు. కానీ ఆ బాక్సు వెనుక బిగించిన కేబుల్ వైరును చూడండి. దానికీ లోహపు తొడుగు ఉన్నది. అది మేడ మీదుగా, వీధి స్తంభాల మీదుగా కేబుల్ సంస్థవారి పరికరాల వరకు వెళుతుంది. దారిలో ఎక్కడో అది నేలతో కలిసి ఉంటుంది. ఆ నేల మన ఇంటి ఎర్తు గుంట కాదు, వీధి చివరిది కావచ్చు. రెండు నేలల మధ్య దూరం ఎంత పెరిగితే మట్టాల తేడా అంత పెరిగే అవకాశం ఉన్నది.

ఇప్పుడు దారి మొత్తం చూడండి. మన ఎర్తు గుంట, ఆంప్లిఫయర్ చట్రం, ధ్వని తీగ తొడుగు, సెట్‌టాప్ బాక్సు, కేబుల్ తొడుగు, వీధిలోని నేల, మళ్లీ మన ఎర్తు గుంట. వలయం పూర్తయింది. ఉత్తరం రాసిన సోదరి ఇంట్లో జరుగుతున్నది బహుశా ఇదే. మెకానిక్ ఊడదీసిన పిన్ను ఈ వలయంలో ఒక లంకె. ఏ లంకె తెంచినా వలయం ఆగుతుంది కనుక హోరు ఆగింది. అయితే ఆయన తెంచినది తెంచకూడని లంకె.

మేడ మీద డిష్ ఉన్నవారి ఇళ్లలో కూడా, దాని ఇనుప స్తంభం భవనపు ఇనుముతో కలిసి ఉంటే ఇదే పరిస్థితి రావచ్చు. ఇక ల్యాప్‌టాప్‌ను ఆంప్లిఫయర్‌కు కలిపి వాడే పిల్లలు ఉన్న ఇళ్లలో రెండవ నేల ల్యాప్‌టాప్ ఛార్జరు మూడవ పిన్ను నుంచి వస్తుంది.

వరుస తప్పకుండా వెతకడం

హోరు మూలాన్ని వెతకడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. కావలసింది ఓపిక, వరుసక్రమం. ఒకేసారి నాలుగు తీగలు మార్చినవారికి హోరు పోయినా ఎందుకు పోయిందో తెలియదు. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. దాని ఫలితం కాగితం మీద రాసుకోవాలి.

ముందుగా ఒక జాగ్రత్త. తీగలు పీకేటప్పుడు, పెట్టేటప్పుడు ఆంప్లిఫయర్‌ను ఆపివేయండి. ఈ ఎరుపు, తెలుపు పిన్నుల్లో తొడుగుకంటే ముందే నడిమి మొన తగులుతుంది. ఆ క్షణంలో పుట్టే పెద్ద మోత స్పీకరును చెడగొట్టగలదు. పెట్టెల మూతలు తెరవకండి. లోహపు పెట్టెను చేతితో తాకి హోరు తగ్గుతున్నదా అని చూసే అలవాటు కొందరికి ఉన్నది. ఎర్తు సరిగా ఉన్నదో లేదో తెలియని ఇంట్లో అది ప్రాణాలతో చెలగాటం.

మొదటి పరీక్ష: వాల్యూమ్ తగ్గించి పెంచి చూడండి. వాల్యూమ్‌తో పాటు హోరు కూడా తగ్గుతూ పెరుగుతూ ఉంటే, అది వాల్యూమ్ మీటకు ముందు నుంచే వస్తున్నది. అంటే ఏదో ఒక పరికరం నుంచో, దాని తీగ నుంచో లోపలికి ప్రవేశిస్తున్నది. వాల్యూమ్ సున్నాకు తెచ్చినా హోరులో మార్పు లేకపోతే, అది ఆ మీట తరువాతి భాగంలో పుడుతున్నది. అప్పుడు ఆంప్లిఫయర్ లోపలి భాగాన్నో, సబ్‌వూఫర్‌కు విడిగా వెళ్లే తీగనో అనుమానించాలి.

రెండవ పరీక్ష: ఆంప్లిఫయర్‌కు వచ్చే తీగలన్నీ తీసివేసి, స్పీకర్లను మాత్రం ఉంచి, మళ్లీ ఆన్ చేయండి. నిశ్శబ్దంగా ఉంటే ఆంప్లిఫయర్ నిర్దోషి. హోరు అలాగే ఉంటే దోషం దానిలోనే ఉన్నది. అప్పుడు వారంటీ కాగితం వెతుక్కోండి. ఒకవేళ స్పీకరు నుంచి కాక పెట్టె నుంచే గుయ్‌మనే శబ్దం వస్తుంటే, అది లోపలి ట్రాన్స్‌ఫార్మరు అదురుతున్న చప్పుడు. దానికీ తీగలకూ సంబంధం లేదు.

మూడవ పరీక్ష: తీగలను ఒక్కొక్కటిగా తిరిగి పెట్టండి. ఒక్కొక్కటి పెట్టిన తరువాత విని చూడండి. ఏ తీగ పెట్టగానే హోరు మొదలైందో ఆ దారిలోనే వలయం ఉన్నది.

నాలుగవ పరీక్ష: ఆ దారి సెట్‌టాప్ బాక్సుది అయితే, మిగతావన్నీ యథాతథంగా ఉంచి, దాని వెనుక ఉన్న కేబుల్ వైరు మరను మాత్రమే విప్పి బయటకు తీయండి. బొమ్మ పోతుంది, పోనివ్వండి. మనం చూస్తున్నది బొమ్మను కాదు. హోరు కూడా పోతే దోషం రుజువైనట్లే. వలయం కేబుల్ గుండా వస్తున్నది. కేబుల్ తీసినా హోరు పోకపోతే ధ్వని తీగను మార్చి చూడండి.

ఐదవ పరీక్ష: ఆ దారి ల్యాప్‌టాప్‌ది అయితే ఛార్జరు తీసివేసి బ్యాటరీ మీద నడపండి. హోరు మాయమైతే వలయానికి దారి ఛార్జరే.

ఈ అయిదు పరీక్షలకు అరగంట చాలు. వీటిలో ఏదీ ఎర్తు పిన్నును తాకదని గమనించండి.

వలయం కాని హోరులు

ప్రతి హోరూ గ్రౌండ్ లూప్ కాదు. ధ్వని తీగ తొడుగు లోపల తెగిపోతే కూడా పెద్దగా హోరు వస్తుంది. తీగను మెలితిప్పినప్పుడు చరచరమంటూ మారుతుంటే ఇదే కారణం. కొత్త తీగతో సరిపోతుంది. ఫ్యాను రెగ్యులేటరు తిప్పినప్పుడు, వెలుగు తగ్గించే స్విచ్చు వాడినప్పుడు గరుకైన రొద వస్తే, అది ఆ పరికరాల నుంచి వెలువడే అలజడి. వాటిని ఆపి చూస్తే తెలిసిపోతుంది. మొబైల్ ఫోనును స్పీకరు పక్కన పెట్టినప్పుడు వచ్చే టకటక కూడా ఈ కోవలోదే. పాత గ్రామఫోన్ రికార్డుల యంత్రం ఉన్నవారు దాని వెనుక విడిగా వేలాడే సన్నని తీగను ఆంప్లిఫయర్ మీది ‘గ్రౌండ్’ మరకు బిగించారో లేదో చూసుకోవాలి. అది ఊడితే హోరు ఖాయం.

అన్నింటికంటే ముఖ్యమైనది, ఇంటికి అసలు ఎర్తే లేకపోవడం. గోడలోని సాకెట్టుకు మూడు రంధ్రాలు ఉంటాయి, మూడవదాని వెనుక తీగ ఉండదు. అటువంటి ఇళ్లలో పరికరాల లోహపు భాగాలు తాకితే సన్నగా జుమ్మంటాయి. హోరు కూడా వస్తుంది. అక్కడ చికిత్స తెంచడం కాదు, లేని ఎర్తును తెప్పించడం.

ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు చికిత్సలు

మొదటిది పైసా ఖర్చులేనిది. టీవీ, సెట్‌టాప్ బాక్సు, ఆంప్లిఫయర్, సబ్‌వూఫర్ అన్నింటినీ ఒకే గోడ సాకెట్టు నుంచి, ఒకే మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు ద్వారా నడపండి. ఒక్కొక్కటి గదిలో ఒక్కొక్క మూల సాకెట్టుకు పెట్టినప్పుడు వలయం గదంతా పరుచుకుంటుంది. ఒకేచోట పెడితే అన్నింటి ఎర్తు ఒకే బిందువు దగ్గర కలుస్తుంది, వలయం చిన్నదవుతుంది. ఈ పరికరాలకు సాధారణంగా కొన్ని వందల వాట్లు చాలు. 6 ఆంపియర్ల సాకెట్టు 1380 వాట్ల వరకు ఇవ్వగలదు. అదే బాక్సులో ఇస్త్రీ పెట్టెను మాత్రం పెట్టకండి. బాక్సు కొనేటప్పుడు దాని తీగలో మూడు పోగులు ఉన్నాయో లేదో అడగండి. మూడు రంధ్రాలు చూపించి లోపల రెండు పోగుల తీగ వేసిన బాక్సులు బజారులో దొరుకుతున్నాయి.

రెండవది, ధ్వని తీగలను అవసరమైనంత పొడవే వాడటం. కరెంటు తీగలతో కలిపి కట్టకుండా వేరుగా నడపటం. రెండూ దాటవలసి వస్తే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే సాగనివ్వకండి.

ఈ రెండింటితో కేబుల్ గుండా వచ్చే వలయం పోదు. ఎందుకంటే దాని రెండవ నేల ఇంటి బయట ఉన్నది. దానికి మూడవ చికిత్స కావాలి. కేబుల్ వైరుకూ సెట్‌టాప్ బాక్సుకూ మధ్య బిగించే చిన్న ఐసోలేటరు అది. టీవీ సంకేతాలు సెకనుకు కోట్ల సార్లు ఊగేవి. అవి దీని గుండా దాటిపోతాయి. 50 సార్లు ఊగే హోరు దాటలేదు. కేబుల్ కుర్రవాణ్ని అడిగి తెప్పించుకోవచ్చు. అయితే డిష్ ఉన్నవారు దీనిని వాడకూడదు. డిష్ కొసన ఉన్న భాగానికి సెట్‌టాప్ బాక్సు నుంచి 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు అదే తీగలో వెళ్లాలి. సాధారణ ఐసోలేటరు దానిని ఆపివేస్తుంది, బొమ్మ రాదు.

నాలుగవది, ధ్వని తీగ నడుమ పెట్టే ‘గ్రౌండ్ లూప్ ఐసోలేటర్’. కారు స్టీరియో సామాను అమ్మే దుకాణాల్లో కూడా ఇది దొరుకుతుంది. లోపల ఒక్కొక్క దారికి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉంటుంది. ధ్వని అయస్కాంత రూపంలో ఒక చుట్ట నుంచి మరో చుట్టకు దాటుతుంది, తొడుగుకు తొడుగు తగలదు. మరీ చౌకరకం కొంటే మంద్రస్వరాలు పలచబడతాయి. ల్యాప్‌టాప్ వలయానికి ఇది చక్కని మందు.

ఐదవది అన్నింటిలోకీ శుభ్రమైనది. టీవీ వెనుక, ఆంప్లిఫయర్ వెనుక ‘ఆప్టికల్’ అని రాసి ఉన్న రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. జపాన్‌లోని తోషిబా సంస్థ 1983లో తెచ్చిన ఈ పద్ధతిలో ధ్వని వెలుగు రూపంలో, ప్లాస్టిక్ పోగు గుండా ప్రయాణిస్తుంది. పోగులో లోహం లేదు, కనుక వలయం ఏర్పడటానికి దారే లేదు. సెట్‌టాప్ బాక్సును టీవీకి కలిపి, టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కు ఆప్టికల్ తీగ ఒక్కటే ఉంచితే చాలు. హెచ్‌డీఎంఐ తీగకు ఈ గుణం లేదు. దానికి లోహపు తొడుగు ఉన్నది, వలయం దాని గుండా కూడా పూర్తికాగలదు. బ్లూటూత్ ద్వారా వినేవారికి తీగే లేదు కాబట్టి ఆ దారిలో వలయమూ లేదు.

పిన్ను తీస్తే ఏమవుతుంది?

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ప్లగ్గులో పై పిన్ను మిగతా రెండింటికంటే లావుగా, పొడవుగా ఉంటుంది. పొడవు ఎందుకంటే, ప్లగ్గు పెట్టేటప్పుడు అది అందరికంటే ముందు తగలాలి, తీసేటప్పుడు అందరికంటే చివర విడివడాలి. అంటే పరికరానికి కరెంటు అందుతున్న ఏ క్షణంలోనూ ఎర్తు లేకుండా ఉండకూడదు.

ఆంప్లిఫయర్ లోపల ఏదో ఒక రోజు ఫేజు తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలిందనుకోండి. ఎర్తు సరిగా ఉంటే ఆ విద్యుత్తు వెంటనే ఎర్తు తీగ గుండా ఉప్పెనలా పారుతుంది. ఎంసీబీ పడిపోతుంది. ఆర్‌సీసీబీ ఉంటే అది ఇంకా సులువుగా కనిపెట్టి కరెంటును తెంచుతుంది. ఇంట్లోవారికి తెలిసేది కరెంటు పోయిందన్న సంగతి మాత్రమే.

పిన్ను లేకపోతే ఆ పెట్టె 230 వోల్టులతో నిలిచి ఉంటుంది. ఆంప్లిఫయర్ పాడుతూనే ఉంటుంది, ఏ లోపమూ కనిపించదు. ఆ విద్యుత్తు ధ్వని తీగ సన్నని తొడుగు గుండా సెట్‌టాప్ బాక్సుకు, అక్కడి నుంచి కేబుల్ తొడుగుకు దారి వెతుక్కుంటుంది. ఆ తీగలు అంత విద్యుత్తును మోయడానికి చేసినవి కావు. కాలి నిప్పు పుట్టవచ్చు. కేబుల్ ఊడదీసి ఉంటే దానికి ఆ దారి కూడా లేదు. అప్పుడు మిగిలేది ఆ పెట్టెను తాకిన చేయి. తడి గుడ్డతో దుమ్ము తుడిచే అమ్మీది కావచ్చు, స్నానం చేసి తడికాళ్లతో పరుగెత్తుకొచ్చిన పిల్లవాడిది కావచ్చు. మనిషి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే, 230 వోల్టుల వద్ద ప్రవహించేది 230 మిల్లీఆంపియర్లు. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీని 30 మిల్లీఆంపియర్లకే తెగిపోయేలా తయారుచేస్తారు, అంతకు మించితే గుండెకు ముప్పు కనుక. ఇది దానికి ఏడు రెట్లకు పైగా. ఆర్‌సీసీబీ ఉన్న ఇంట్లో కూడా, ఎర్తు పిన్ను లేని పరికరంలోని లోపం మనిషి ఒంటి గుండా కారడం మొదలైన తరువాతే దానికి తెలియవచ్చు.

కొందరు మరో సలహా ఇస్తారు: ఆంప్లిఫయర్‌కు పెరట్లో వేరే ఇనుప కడ్డీ పాతి, దానికే ఎర్తు ఇవ్వమని. ఇదీ సరికాదు. అటువంటి కడ్డీకి నేలతో ఉండే నిరోధం 25 ఓములు అనుకుందాం. లోపం వచ్చినప్పుడు దాని గుండా పారేది 230ని 25తో భాగించగా వచ్చిన సుమారు 9 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ దానిని మామూలు వాడకంగానే భావించి ఊరుకుంటుంది. పెట్టె మాత్రం ప్రమాదకరంగానే ఉండిపోతుంది. పైగా వేరే నేల అంటే మరో చెరువు తవ్వడమే. వలయం తగ్గదు, పెరుగుతుంది. ఇంటికి ఎర్తు వ్యవస్థ ఒక్కటే ఉండాలి, అన్నీ దానితోనే కలవాలి.

మరి రెండు పిన్నుల పరికరాలు ఎలా చలామణీ అవుతున్నాయని ఎవరైనా అడగవచ్చు. వాటిని మొదటి నుంచే రెండు పొరల రక్షణతో తయారుచేస్తారు. ఒక చతురస్రం లోపల మరో చతురస్రం గీసిన గుర్తు వాటి మీద ఉంటుంది. మూడు పిన్నులతో తయారైన దానికి ఆ రెండవ పొర ఉండదు. దాని రెండవ పొర ఆ మూడవ పిన్నే. ఒకదానికి లేదని మరొకదానికి తీసివేయడం ఈ తేడా తెలియకపోవడం వల్లే.

కనుక సూత్రం ఒక్కటే గుర్తుంచుకోండి. వలయాన్ని ధ్వని దారిలో తెంచాలి, రక్షణ దారిలో తెంచకూడదు. ధ్వని దారిలో ఐసోలేటరు చెడిపోతే పాట ఆగుతుంది. రక్షణ దారిలో పిన్ను లేకపోతే ఏం ఆగుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ నెల చేయవలసినవి

మీ ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గులు ఎన్ని ఉన్నాయో ఒకసారి తిరిగి చూడండి. ఫ్రిజ్, గ్రైండరు, నీటి మోటారు, ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మెషీన్. వాటిలో దేనికైనా పై పిన్ను విరిగి ఉంటే, లేదా మూడు పిన్నులను రెండుగా మార్చే అడాప్టరు తగిలించి ఉంటే, ముందు దానిని సరిచేయించండి.

లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, ప్రతి సాకెట్టులో ఎర్తు నిజంగా ఉన్నదో లేదో, ఎర్తు గుంట నిరోధం ఎంతో కొలిపించండి. భారత ప్రమాణాల సంస్థ వెలువరించిన ఐఎస్ 3043 అనే ప్రమాణపత్రం ఎర్తింగ్ గురించే. దాని ప్రకారం చూడమని అడిగితే పని తెలిసినవారికి అర్థమవుతుంది. ఎండాకాలంలో నేల ఎండిపోతే ఎర్తు నిరోధం పెరుగుతుంది. పాత పద్ధతి ఎర్తు గుంటలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం మన పెద్దలకు తెలిసిన పనే, ఆ పనిని పిల్లలకు అప్పగించండి.

మీటరు పక్కన ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద ‘టి’ అక్షరంతో చిన్న మీట ఉంటుంది. నెలకొకసారి దానిని నొక్కండి. వెంటనే కరెంటు పోవాలి. పోకపోతే ఆ పరికరాన్ని మార్పించండి. లేనివారు, ఇంటికి రంగులు వేయించే ఖర్చులో కొంత తగ్గించి అయినా సరే, 30 మిల్లీఆంపియర్లది ఒకటి పెట్టించుకోండి.

మెకానిక్ ఇంటికి వచ్చినప్పుడు హోరు ఆగిందా అని మాత్రమే అడగకండి. “ఏ తీగ తెంచి ఆపారు?” అని కూడా అడగండి. ఆయన ధ్వని తీగనో కేబుల్‌నో చూపిస్తే కృతజ్ఞతలు చెప్పి కూలి ఇవ్వండి. చేతిలో ఎర్తు పిన్ను చూపిస్తే, అది తిరిగి బిగించేవరకు ఆయనను పంపకండి.